దగ్గితే చాయ్ రావాలె

తిరుమలగిరికి దగ్గరలో ఒక ఊరు. పొద్దున. హనుమమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమె భర్త జంగయ్య అద్దం ముందు రుమాలు చుట్టుకుంటున్నాడు. అరుగు గోడకు కొత్త బోర్డు ఒకటి ఆనించి ఉంది.

"...గట్లంటాంది పక్కింటి కృష్ణమ్మ. నేనన్న మాట కాదు."

"ఏమంటాంది? మొదటికెల్లి చెప్పు."

"నీ మొగడు పెద్దమనుషులను తయారుచేసే కార్ఖాన పెట్టిండట గదా అంటాంది. నల్లగొండల పోరగాండ్లకు ఎంసెట్ కోచింగ్ ఇచ్చినట్టు, నీ మొగడు మీసాలొచ్చినోల్లను కూసోబెట్టి పంచాయితి చెప్పుడు నేర్పుతాండట, ఫీజు గూడ తీసుకుంటాండట అని. బోరింగ్ కాడ అందరి ముంగట అన్నది."

"అందరి ముంగట అన్నదా? మంచిదే. పైస ఖర్చు లేకుంట ప్రచారమాయె."

"నవ్విన్రయ్యా."

"నవ్వనీయ్. నలభై యేండ్ల సంది ఈ సుట్టుపక్కల నేను లేకుంట ఏ పంచాయితన్న తెగిందా? ఏమొచ్చింది నాకు? ఓ తువ్వాల, ఓ సీస కల్లు. ఇప్పుడు జనం జర ఏమన్న అయితే ఠాణకు ఉరుకుతాన్రు. నాకొచ్చిన ఇద్య నాతోని మట్టిల కలిసిపోవాల్నా? రజాక్ భాయ్ చెప్పిండు గదా, అన్నా నీది ఉత్త ముచ్చట కాదు, నీది తజుర్బా, అనుభవం, దీన్ని పది మందికి నేర్పితే నీకూ మంచిది, ఆల్లకూ మంచిది అని."

"రజాక్‌కేం? మిర్చి అమ్మేటోడు, ఏదన్న అమ్ముతడు. కుర్చీలు ఆయినయే, బోర్డు ఆయినదే. సగం ఫీజు గూడ ఆయినదేనట గదా?"

"ఇది గూడ కృష్ణమ్మ అన్నదా?"

"ఇది నేనంటున్న. కృష్ణమ్మ ఇంకోటి అన్నది. నిన్న పెయింటరు బోర్డును ఎండకు పెట్టిండు గదా. గుర్వమ్మ అటుకెల్లి పోయేది, ఆడ్నే నిలవడ్డదట."

"ఏ గుర్వమ్మ?"

"ఏ గుర్వమ్మ అంటే? మనూర్ల ఎందరున్నరు గుర్వమ్మలు?"

"...నిలవడితే నిలవడ్డది. నీడకు నిలవడ్డదేమో."

"ఆమెకు సదువు రాదాయె. ఏం రాసిన్రు బిడ్డా ఇండ్ల, అని అడిగిందట. కృష్ణమ్మకు నోరు రాలేదట. ట్రాక్టర్ల కంపెని బోర్డవ్వా అని చెప్పి తోలిందట."

"మంచిగ చెప్పింది. కృష్ణమ్మకు తెలివున్నది. జర చాయ్ పెట్టు."

"అసలు ఏం రాపిచ్చినవయ్యా దాని మీద?"

"నీకెందుకే?"

"నాకు సదువు రాకున్నా నా బిడ్డకొచ్చు. నిర్మల సదివి చెప్పింది. 'జంగయ్య పెద్దమనిషి కోచింగ్ సెంటర్. నలభై యేండ్ల తజుర్బా. జంగయ్య తోలిచ్చిన ఆడిబిడ్డ మర్లి రాలే.' గంతేనా, ఇంకేమన్న ఉన్నదా?"

"గంతే. రజాక్ భాయ్ మాటలు. మొగనితోని కొట్లాడి తల్లిగారింటికొచ్చిన పిల్లను నేను నచ్చజెప్పి అత్తగారింటికి తోలిచ్చిన్నంటే, మళ్ల వచ్చుడు లేదు. అబద్ధమా? ఒక్కరన్న వచ్చిన్రా చెప్పు."

"నేనేం చెప్త. నిర్మల సదివి మొఖం గోడదిక్కు తిప్పింది."

"దాని ముచ్చట ఎవరికి చెప్పలే గదా?"

"ఎన్నొద్దులు దాస్తవ్? అత్తగారింటికెల్లి వచ్చిన పిల్లను గాబుల పెట్టి మూత పెడ్దమా?"

"అడిగితే పండుగకొచ్చిందను."

"ఏ పండుగకు?"

"ఏదో ఒకటి. పీర్ల పండుగకను."

"అది అయిపోయి నెల దాటె."

"అయితే జరమొచ్చింది, దవాఖానకొచ్చిందను. ఏదన్న అను. సైదులు, బీరప్ప వచ్చే యాల్లాయె. నువ్వు దర్వాజ ఎనక ఉండు. నేను దగ్గితే..."

"ఎర్కే. నువ్వు దగ్గితే చాయ్ తేవాలె."

అరుగు మీద పాఠం నడుస్తోంది. కుర్చీలో జంగయ్య. చాప మీద ఇద్దరు శిష్యులు: చౌటుప్పల్‌లో ప్లాట్లు అమ్మిపెట్టే సైదులు, గొర్ల మందను అమ్మేసి లీడరు కావాలని బయలుదేరిన బీరప్ప. ఇద్దరిదీ ఈ ఊరు కాదు. హనుమమ్మ తలుపు వెనక గ్లాసులు సర్దుకుని నిలబడింది.

"సారూ, జర ఆగుండ్రి, రాసుకుంట."

"రాసుకునుడు లేదు సైదులూ. పెన్ను జేబుల పెట్టు. జేబుల గూడ కనబడొద్దు. పెద్దమనిషి కాడ పెన్ను కనబడితే గుమాస్త అనుకుంటరు. నిన్నటిది చెప్పు. పంచాయితికి పొద్దుగాల రమ్మంటే ఎప్పుడు పోవాలె?"

"పొద్దు నెత్తి మీదికొచ్చినంక పోవాలె సారూ."

"ఎందుకు? బీరప్పా, నువ్వు చెప్పు."

"ఎండకు ఆగలేక, మనం పోకముందే ఆల్లల్ల ఆల్లే రాజీ అయిపోతరు సారూ."

"థూ! ఆల్లల్ల ఆల్లే రాజీ అయితే నువ్వెందుకురా నడుమ? ఆకలి కోసం. ఆకలైనోడు ఏం చెప్పినా సరే అంటడు. తిన్నోడు ఎదురు మాట్లాడ్తడు. పోయి కూసున్నంక మొదటి మాట?"

"వానల ముచ్చట సారూ."

"రెండోది?"

"పెద్దమనుషుల మాట ఇంటరా, ఇనరా?"

"శాబాష్ సైదులూ. ఆల్లు 'ఇంటం' అన్నరంటే ఇగ పంచాయితి నీ సంకల పడ్డట్టే. ఏమైందని అడుగుతవా?"

"అడగ సారూ."

"జన్మల అడగొద్దు. అడిగితే ఆల్లు చెప్తరు. చెప్తే ఇనాలె. ఇన్నమంటే అది తెగదు. మరేం చేస్తవ్?"

"చిన్న ముచ్చట ఎతుకుత."

"గదీ. బర్రె చేన్ల పడ్డది, తలకాయలు పలిగినయ్. నువ్వు తలకాయల దిక్కు సూడనే సూడకు. బర్రె మెడల గంట ఉండెనా, లేకుండెనా? గంట పట్టుకో. పొద్దుగూకేదాంక గంట ముచ్చటనే నడవాలె. ఉండె అన్నోడు ఒకడు, లేకుండె అన్నోడు ఒకడు. ఆఖరుకు అలిసిపోయి, నీ కాల్లు మొక్కుత ఏదో ఒకటి తెంపు పెద్దమనిషీ అంటరు."

"గంట. యాదికుంటది సారూ."

"నీకు అదొక్కటే యాదికుంటది బీరప్పా. ఇగ ఈపొద్దు పాఠం. ఆడిపిల్ల పంచాయితి. పిల్ల తండ్రిని యాడ కూసోబెడ్తవ్?"

"మర్యాదగ కుర్చీల కూసోబెడ్త సారూ."

"ముంచినవ్ పో! ఇగో, ఈ మంచం సూసిన్రా? నులక వదులై జోలె లెక్క వేలాడ్తాంది. బుద్ధిపూర్వకంగ బాగు చేపియ్యలే. పిల్ల తండ్రిని ఇండ్ల కూసోబెట్టాలె. నడుము నేలకు తాకుతది, మోకాల్లు గదుమ కిందికొస్తయ్. బీరప్పా, కూసో. ఆఁ. ఇప్పుడు నన్ను తిట్టు."

"అయ్యో, మిమ్ముల నేనెట్ల తిడ్త సారూ?"

"పాఠంరా. గట్టిగ తిట్టు."

"నీ... నీ... తిట్టొస్తలేదు సారూ. ఊపిరాడ్తలేదు."

"అదీ ముచ్చట! గట్ల కూసున్నోనికి నోట్లెకెల్లి 'చిత్తం' తప్ప ఇంకో మాట రాదు. లే."

"లేవరాదు సారూ. సైదులన్నా, జర చెయ్యియ్యే."

"ఇగ పిల్ల. బీరప్పా, లేచినవా? నువ్వే పిల్లవు."

"నేనా? మీసాలున్నయ్ సారూ నాకు."

"తువ్వాల నెత్తిమీదికెల్లి గుంజుకో. నన్ను సారూ అనకు, పెదనాయిన అను. చెప్పు, నీ బాధ చెప్పు."

"పెదనాయినా, నా మొగడు నన్ను ఊకె కొడ్తాండు. మొన్న కట్టెతోని నా నడుము మీద..."

"ఖహ్! ఖహ్!"

"జరమొచ్చిందా సారూ?"

"ఆగురా."

"తెచ్చిన, తెచ్చిన. ఇగో చాయ్."

"సూసిన్రా? నేను దగ్గిన, హనుమమ్మ చాయ్ తెచ్చింది. పిల్ల నోరు తెర్సి అసలు ముచ్చట కాడికి వచ్చిందంటే చాయ్ రావాలె. ఆయనకియ్యి, ఈయనకియ్యి, నాకు చక్కెర తక్కువాయె, నీకు ఎక్కువాయె, ఊదుకుంట తాగుండ్రి, సైదులూ జర పైలం, కాలుతాంది. గ్లాసుల సప్పుడు అయిపోయేటాల్లకు తను యాడిదాంక చెప్పిందో పిల్లకే యాదికుండదు. గప్పుడు నువ్వేమంటవ్?"

"చెప్పింది ఇన్నం బిడ్డా, నువ్వు లోపటికి పో, పెద్దమనుషులు మాట్లాడుకుంటరు."

"శాబాష్."

"అమ్మా, మంచిగ టయానికి తెచ్చినవ్ చాయ్."

"నలభై యేండ్ల సంది తెస్తున్న కొడుకా."

"సారూ, బోర్డు మీద ఉన్నది గదా, మర్లి రాలే అని. గండ్లకెల్లి ఒక్క కేసు చెప్పుండ్రి సారూ. చౌటుప్పల్‌ల పోయి చెప్పుకుంట."

"కేసంటే... ఈ ఊరి పిల్లదే. గుర్వమ్మ బిడ్డ. మొగడు తంతాండని ఊకె వచ్చి ఈడ కూసుండేది. వేరే పెద్దమనుషులు తోలిచ్చుడు, ఆమె మళ్ల మర్లి వచ్చుడు. యాష్టకొచ్చి ఆఖరుకు నన్ను పిలిచిన్రు. పోయిన. వానల ముచ్చట అడిగిన. ఇంటరా అన్న. చాయ్ వచ్చింది. అయిపాయె. తోలిచ్చిన. మళ్ల రాలే."

"ఒక్కపారి గూడ రాలేదా?"

"ఒక్కపారి గూడ."

"అబ్బబ్బ! ఇప్పుడెట్లున్నది సారూ ఆ పిల్ల? పిల్లలెందరు?"

"...చాయ్ తాగు సైదులూ. సల్లారుతాంది."

"తాగిన సారూ."

"అయితే గ్లాసు ఇచ్చెయ్. హనుమమ్మా, గ్లాసులు తీసుకపో. నిలవడి ఏం సూస్తున్నవ్?"

మాపటికి రజాక్ వచ్చాడు. తిరుమలగిరి మార్కెట్‌లో మిర్చి వ్యాపారం అతనిది. ఈ కోచింగు ఆలోచన కూడా. లోపల కూర పొయ్యి మీద పెట్టిన హనుమమ్మకు అరుగు మీది మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"ముబారక్ జంగయ్యన్నా! సూర్యాపేట దిక్కుకెల్లి కొత్త బ్యాచ్ ఒప్పుకున్నది. జుమ్మా దినం, శుక్రారం వస్తాన్రు. ఇగ నీ పాఠాలు క్యాసెట్లకు గూడ ఎక్కియ్యాలె. ఇంట్ల కూసొని టేప్‌ల ఇనుకుంట పెద్దమనుషులు అయిపోతరు."

"దగ్గు గూడ ఎక్కుతదా క్యాసెట్ల?"

"బేషుగ్గ ఎక్కుతది. గని అన్నా, ఒక ముచ్చట నా చెవుల పడ్డది. నీ బిడ్డ ఇంట్లనే ఉన్నదట?"

"అదా? పండుగకని..."

"నాకు చెప్తున్నవా? మిర్చి అమ్మెటోన్ని నేను. పైకి మంచియి పెట్టి అడుగున తాలు నింపుడు నాకు తెల్వనిదా? బోర్డు మీద ఏం రాసుకున్నం, నీ ఇంట్ల ఏమున్నది? సూర్యాపేటోల్లు అరుగు మీద కూసుంటే, ఆ దర్వాజలకెల్లి నీ బిడ్డ బయటికొస్తే ఇజ్జత్ ఏమైతది? నా కుర్చీలేమైతయ్?"

"నాకు మాత్రం ఫికర్ లేదా రజాక్?"

"అందుకే నేను చౌటుప్పల్ కబురు పెట్టిన. జుమ్మాకు ముందుగాలనే పంచాయితి. నీ అల్లుడు లింగస్వామి వస్తాండు. ఆల్లదిక్కు పెద్దమనిషి ఎవరో ఎర్కేనా? మన సైదులే!"

"సైదులా? నా బిడ్డ అని ఆనికెర్కేనా?"

"ఎర్కే. మస్తు ఖుషీగున్నడు. గురువు ఇంట్లనే పరీచ్చ రాస్త అంటాండు."

"మరి మనదిక్కు ఎవరు కూసుంటరు? పిల్ల తండ్రి పెద్దమనిషిగ కూసోవద్దు. నేను చెప్పిన పాఠమే అది."

"బీరప్పను కూసోబెడ్దం."

"వానికి బర్రె గంట తప్ప ఇంకోటి తెల్వదు."

"మంచిదే గదా అన్నా. మనం గెలుసుడు ఎవరిక్కావాలె? పిల్ల పోవుడు గదా కావాలె."

"...రజాక్, ఒక ముచ్చట. అల్లుడు డ్యూటీకి పోయేటప్పుడు ఇంటికి బయటికెల్లి తాళమేసుకపోతాండట."

"మంచిదే. చౌటుప్పల్‌ల దొంగలెక్కువ."

"పిల్ల లోపట ఉండంగ ఏస్తాండు. ఇన్నవా?"

"ఇన్న. నాకు చెప్పినవ్, ఇంకెవరికి చెప్పకు. హనుమక్కా, నేను పోతున్న! చాయ్ వద్దు!"

మరునాడు. పొయ్యి దగ్గర హనుమమ్మ జొన్నరొట్టె తడుతోంది. కూతురు నిర్మల కాలుస్తోంది.

"అమ్మా, రేపు పంచాయితిల నేను మాట్లాడ్త."

"మాట్లాడుదువు. మీ బాపు ఉంటడు గదా."

"బాపు ఉంటడనే అడుగుతున్న. మాట్లాడనిస్తరా?"

"రొట్టె తిప్పు, మాడుతాంది."

"మాడనీ. అమ్మా, నేనొచ్చిన దినం నీకు చెప్పబోయిన. తాళం ముచ్చట దాంక ఇన్నవ్. ఆనెంక చాయ్ పెట్టుకొస్త అని లేసినవ్."

"నీకు తలకాయ నొస్తాందంటివి గదా, అందుకని..."

"నొస్తాందని నేననలే."

"...సరే. ఇప్పుడు చెప్పు. లేవ నేను."

"ఆయనకు మందుల కంపెనిల డబల్ డ్యూటీ పడ్డది. ఎప్పటి తీర్గనే తాళమేసిండు, పోయిండు. నాకు ఒల్లు కాలే జరం. బిందెల నీళ్లు అడుగుకున్నయ్, అయిపోయినయ్. కిటికి కాడ నిలవడి పిలిచిన. పక్కింటి ఖాతూనత్త వచ్చింది. కిటికి సలాకలల్లకెల్లి చెంబు పట్టలేదు. నేను దోసిలి పడ్తే ఆమె బయటికెల్లి పోసింది. సగం గోడకే పాయె. పొద్దు మీదికొచ్చినా ఆయన రాలే. ఆమెనే రోకలి తెచ్చి తాళం పలగొట్టింది."

"నీ మొగడు వచ్చి ఏమన్నడు? జరం ఎట్లున్నదన్నడా?"

"తాళం ఎవరు పలగొట్టిన్రన్నడు."

"అని? కొట్టిండా?"

"రోకలి ఆడ్నే ఉండె గదా అమ్మా. చాయ్ పెడ్తవా?"

"లేదు బిడ్డా. కూసున్న."

"మళ్ల పోతే ఇంకా పెద్ద తాళం కొంటడు. గంతే. పంచాయితిల గూడ నేను ఈడిదాంక వస్తె బాపు దగ్గుతడు. బాపు కాకుంటే సైదులు దగ్గుతడు. నా చిన్నప్పుడు గుర్వమ్మ బిడ్డ పంచాయితి అయితాంటే నేను దర్వాజ కాడ నిలవడి సూసిన. ఆ అక్క అప్పుడే నోరు తెర్సింది. బాపు దగ్గిండు. నువ్వు పళ్లెం పట్టుకొని నా పక్కకెల్లే పోయినవ్. 'జరుగు బిడ్డా, కాలుతది' అన్నవ్."

"ఆ ముచ్చట ఎందుకే ఇప్పుడు?"

"ఆ అక్క ఏం చెప్పబోయిందో నీకెర్కేనా?"

"...ఎర్కలే."

"నాకు గూడ ఎర్కలే. ఎవరికీ ఎర్కలే. అమ్మా, యాడికి లేసినవ్? పిండి చేతులతోనే?"

"గుర్వమ్మ ఇంటికి. జర పనున్నది. రొట్టెలు నువ్వు చెయ్యి."

పంచాయితి నాడు పొద్దు నెత్తి మీదికి వచ్చాక సైదులు వచ్చి రజాక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్కన బీరప్ప. అల్లుడు లింగస్వామి మోపెడ్‌కు ఆనుకుని నిలబడ్డాడు. ఊళ్లోవాళ్లు చుట్టూ చేరారు. నిర్మల గడపలో ఉంది. హనుమమ్మ అరుగు చివర గుర్వమ్మ పక్కన కూర్చుంది.

"సారూ, మీరు జర ఈ మంచంల కూసోండ్రి."

"నేను ఈ అరుగు మీద కూసుంట సైదులూ."

"పిల్ల తండ్రి గదా సారూ మీరు. మీరు చెప్పిందే. ఆఁ, గట్ల. ఇంకా లోపటికి కూసోండ్రి."

"అబ్బా... నడుము..."

"ఈ యేడు మీదిక్కు వానలెట్లున్నయ్ సారూ?"

"నన్నడుగుతున్నవారా వానల ముచ్చట?"

"వరస తప్పొద్దు గదా సారూ. పెద్దమనుషుల మాట ఇంటరా, ఇనరా?"

"నడుము పట్టింది సైదులూ."

"ఇంటరా, ఇనరా సారూ?"

"...ఇంటం."

"లింగస్వామీ, నువ్వు?"

"ఇంట అన్నా."

"మంచిది. ఇగ అసలు ముచ్చట కాడికొద్దం. తాళం. లింగస్వామీ, అది ఎసొంటి తాళం?"

"ఇత్తడిది అన్నా. గట్టిది. కొని ఎన్నొద్దులు గూడ కాలే."

"ఇన్నరా? ఇత్తడి తాళం. ఇల్లుగలోడు ఇంట్ల లేనప్పుడు పరాయి మనిషొచ్చి రోకలితోని పలగొట్టొచ్చునా? బీరప్పా, నువ్వు పిల్లదిక్కు మనిషివి. ఏమంటవ్?"

"ఆ తాళానికి గంట ఉండెనా?"

"అది బర్రె పాఠం బీరప్పా!"

"సైదులూ, తాళం సంగతి ఇడిసిపెట్టు. పిల్ల లోపట ఉండంగ తాళమేసిండు గదా ఈయన? జరమొచ్చి పడి ఉంటే..."

"సారూ, ఏమైందన్న ముచ్చట ఎత్తొద్దని మీరే చెప్తిరి. మీరే ఎత్తుతున్నరు. కూసోండ్రి, కూసోండ్రి, మీరు లేవలేరు."

"నేను చెప్త."

"చెప్తువు నిర్మలా, చెప్తువు. మా అందరికి బిడ్డసొంటిదానివి. చెప్పు."

"నాకు జరమొచ్చింది. తాళమేసి పోయిండు. ఇంట్ల తాగ నీళ్లు లెవ్వు. కిటికి కాడ నిలవడి..."

"ఖహ్! ఖహ్!"

"కిటికి కాడ నిలవడి పిలిచిన. ఖాతూనత్త..."

"ఖహ్! ఖహ్! ఖహ్! అమ్మా హనుమమ్మా!"

"ఏంది కొడుకా?"

"చాయ్."

"పొయ్యి ముట్టియ్యలే."

"ముట్టియ్యలేదా?"

"ముట్టియ్యలే, ముట్టియ్య గూడ. దగ్గు ఎక్కువుంటే కుండల సల్లటి నీళ్లున్నయ్, తాగు. చౌటుప్పల్‌ల నా బిడ్డకు దొరకలే గని మా ఇంట్ల మస్తున్నయ్. నువ్వు చెప్పు నిర్మలా."

"హనుమమ్మా, జర చాయ్ తేవే. ఇజ్జత్..."

"నువ్వు గూడ దగ్గు. దగ్గి సూడు. దగ్గొస్తలేదా? ఆ మంచంల కూసుంటే దగ్గు గూడ రాదు. చెప్పు బిడ్డా, పురాగ చెప్పు."

నిర్మల మొత్తం చెప్పింది. దోసిలితో నీళ్లు పట్టుకున్న దగ్గరినుంచి రోకలి దాకా. లింగస్వామి మోపెడ్ హ్యాండిల్‌కున్న రబ్బరు తొడుగు తిప్పుతూ నిలబడ్డాడు. ఎవరి చేతిలోనూ గ్లాసు లేదు.

"...గంతే. నేను పోను."

"ఇన్నం బిడ్డా... చెప్పింది ఇన్నం... సారూ."

"ఏందిరా?"

"చాయ్ రాకుంటే ఏం చెయ్యాల్నో మీరు చెప్పలే."

"...ఎన్నడు గట్ల కాలే సైదులూ. నలభై యేండ్లల్ల ఎన్నడు కాలే."

"ఏం ఫికర్ లేదు సారూ. ఆఖరి పాఠం నాకు యాదికున్నది. నిర్మలా, లింగస్వామీ, ఇటు ఇనుండ్రి. ఆ గోడకున్న బోర్డు సూడుండ్రి. మా సారు తోలిచ్చిన ఆడిబిడ్డ మర్లి రాలే. ఎందుకు రాలే? పోయినంక అన్ని సర్దుకుంటయ్ గనుక! జర ఓపిక పట్టాలె గంతే. ఇది నా మాట కాదు. ఈ ఊర్లనే గుర్వమ్మ అని ఉన్నదట..."

"నేనే బిడ్డా."

"నువ్వేనా అవ్వా? ఈడ్నే ఉన్నవా? ఎంత మంచిగ కలిసొచ్చింది!"

"హనుమమ్మ పిలిస్తే వచ్చిన."

"ఆమెను ఎందుకు పిలిచినవే?"

"ఆడోల్లు గూడ ఇనాలె గదయ్యా పంచాయితి."

"సైదులూ, ఆ ముచ్చట వద్దు. ఇంకో దినం పెట్టుకుందం. అందరికి ఆకలైతాంది."

"ఒక్క మాట సారూ, ఒక్క మాటకు తెగిపోతది. అవ్వా, ఆ బోర్డు మీద ఏమున్నదో ఎర్కేనా?"

"ట్రాక్టర్లవని చెప్పిన్రు బిడ్డా."

"ట్రాక్టర్లయి కాదవ్వా! మా సారు తోలిచ్చిన ఆడిబిడ్డ మర్లి రాలే అని రాసి ఉన్నది. అండ్ల మొదటి కేసు నీ బిడ్డదే. ఊకె వస్తుండెనట గదా? సారు చెప్పి తోలిచ్చినంక మళ్ల వచ్చిందా?"

"సైదులూ, నీకు దండం పెడ్త, నన్ను జర లేవట్టు..."

"ఆగుండ్రి సారూ. చెప్పవ్వా, అందరు ఇనేటట్టు చెప్పు. వచ్చిందా?"

"రాలే బిడ్డా. అత్తగారోల్ల బాయిలకెల్లి తీసి ఆ ఊర్లనే బొంద పెట్టిన్రు. యాడికెల్లొస్తది?"